పెద్దబాతుల పిల్లకు మొక్కు

టీవీ తెర మీద ఆ అమ్మాయి ఫౌంటెన్ గట్టు ఎక్కింది. తల మీద పసుపు రంగు హెల్మెట్, దాని నిండా ఏవేవో అతికించి ఉన్నాయి. చేతిలో గులాబీల కట్ట, మెడలో బంతిపూల దండ. కింద తొట్టి నిండా నీళ్లు. ఇనుప తీగెలు అల్లిన పందిరి కింద నిలబడ్డ కంచు పిల్ల బొమ్మ ఆమెకు ఇంకా జానెడు ఎత్తులో ఉంది.

"మూడు పట్లు! బిడ్డా, మూడు పట్లు!" అని మా సోఫా చివర కూర్చున్న ఆమె తండ్రి అరిచాడు.

దోహాలో, అల్ సద్‌లోని మా ఫ్లాట్‌లో అరిచిన ఆ కేక జర్మనీలో గొట్టింగెన్ అనే ఊరి చౌరస్తా దాకా పోయే వీల్లేదు. ఆమె స్నేహితురాలెవరో ఫోన్ ఎత్తి పట్టుకుని మాకు చూపిస్తోంది, చుట్టూ ఒకటే గోల. అయినా ఆ అమ్మాయి పూల కట్టను చంకలో ఇరికించుకుని ఒక చేత్తో ఇనుప తీగెను గట్టిగా పట్టుకుంది. పైకి లేచింది. రెండో చేత్తో బంతిదండ తీసి కంచు పిల్ల మెడలో వేసింది. గులాబీలను ఆ పిల్ల చేతి వంపులో గుచ్చింది. ఇక్కడ తండ్రి రెండు చేతులూ జోడించాడు. అక్కడ కూతురు కూడా జోడిస్తుందని ఎదురుచూస్తున్నాడు.

ఆమె జోడించలేదు. మెడ చాచి, కంచు పిల్ల చెంప మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది. చౌరస్తా అంతా ఈలలు, చప్పట్లు.

మా హాల్లో ఆయన చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. మూడో మనిషిగా మాతో కూర్చున్న బస్సు డ్రైవరు ఒకసారి తెర వంక, ఒకసారి ఆయన వంక చూశాడు.

"మామా, మొక్కు అంటివి గద," అన్నాడు మెల్లగా. "గిది ముద్దు గద!"

ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే నేను పనిచేసిన పేపర్లో మర్నాడు సవరణ వేసేవాళ్లం. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాకు సవరణ వేయడం అంత తేలిక కాదని ఆ సాయంత్రం అర్థమైంది. అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆయన పైపు ఫిట్టరు. జగిత్యాల వైపు పల్లె. రాస్ లఫాన్‌ గ్యాస్ ప్లాంటులో పని, అల్ ఖోర్ దగ్గర క్యాంప్‌లో మంచం. నేను గోదావరి గట్టున పుట్టినవాణ్ని. ఒక తెలుగు దినపత్రిక డెస్కులో జీవితంలో సగం గడిపి, ఇక్కడికొచ్చి భద్రతా పోస్టర్లు తెలుగులోకి మార్చే పని చేస్తున్నాను. ఎత్తు మీద పనిచేసేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లలో ఏవైనా మూడు ఎప్పుడూ పట్టు మీద ఉండాలన్న నియమానికి 'మూడు పట్లు' అని రాసింది నేనే. సైటులో ఆ పోస్టరు చదివి, రాసినవాడెవడో చూద్దామని ఆయన ఆఫీసు గదికి వచ్చాడు.

"ఈ తెలుగు నీదేనా అన్నా? ఎన్నడు లేంది మొదటిసారి ఒక్క తాప చదివితే సమజైంది," అన్నాడు.

ఇన్నేళ్ల పత్రికా వృత్తిలో అంతకంటే మంచి పాఠకుడి ఉత్తరం నాకు రాలేదు. ఆ రోజు నుంచి ఆయనకు నేను పేపరన్నను. నెలలో ఒక శుక్రవారమైనా మా ఇంటికి వస్తాడు. ఆయనను తీసుకొచ్చేది ఆ డ్రైవరే. నిజామాబాద్ టౌను మనిషి, షిఫ్టు బస్సు నడుపుతాడు. ఇంట్లో దక్కనీ, బస్సులో తెలుగు, పోలీసు ఆపితే అరబ్బీ. ఫిట్టరును 'మామా' అంటాడు, ఫిట్టరు ఆయనను 'మియా' అంటాడు. ఒకరినొకరు ఏడిపించకుండా పది నిమిషాలు ఉండలేరు.

ఫిట్టరుకు ఒక్కతే కూతురు. గురుకులంలో చదివింది, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివింది, స్కాలర్‌షిప్ తెచ్చుకుని గొట్టింగెన్ వెళ్లింది. మక్కజొన్న వేర్ల చుట్టూ పెరిగే బూజు మీద ఆమె పరిశోధన. ఆ బూజు వేరుకు నీళ్లందిస్తుందట, వేరు దానికి తిండి పెడుతుందట. ఈ సంగతి తండ్రి బస్సులో చెప్పినప్పుడు వెనక సీట్లోంచి ఎవరో, "డాక్టరైతే సూది ఏస్తదా మరి?" అని అడిగారు. "బూజుకు ఏస్తది," అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా తండ్రే నవ్వాడు. ఆయన గర్వం అలాంటిది. దాని మీద ఎవరు ఎన్ని జోకులు వేసినా చెక్కు చెదరదు.

"నేను గొట్టాల కాడ, నా బిడ్డ గొట్టింగెన్‌ల," అనేవాడు. "ఆ ఊరు పేరు పెట్టినోడు మా కులపోడే అయ్యుంటడు."

మొక్కు సంగతి ఇది. అక్కడికి వెళ్లిన మొదటి చలికాలం ఆ అమ్మాయి మొక్కలన్నీ చచ్చిపోయాయి. బూజు మిగల్లేదు, వేరు మిగల్లేదు. చదువు మానేసి వచ్చేస్తానని ఫోన్లో ఏడ్చింది. ఆయన అప్పుడు సెలవు మీద ఊళ్లో ఉన్నాడు. భార్యను వెంటబెట్టుకుని పోచమ్మ గుడికి పోయాడు. బిడ్డ చదువు నిలబడితే, డాక్టరైన రోజే, పొద్దు గూకకముందే ఆమె చేత మొక్కిస్తానని మాట ఇచ్చాడు.

మర్నాటికి మొర వినబడిందో లేదో తెలియదు గానీ, ఎండాకాలానికల్లా కొత్త మొక్కలు నిలబడ్డాయి. చదువు సాగింది. ఇచ్చిన మాట మాత్రం ఆయన ఛాతీ మీద బరువులా కూర్చుంది. డాక్టరయ్యేది జర్మనీలో. పోచమ్మ ఉండేది జగిత్యాల పక్కన. అదే రోజు, పొద్దు గూకకముందే అంటే ఏ విమానం అందుకుంటుంది?

"గప్పుడు తేదీ గురించి సోయి లేకుండె అన్నా," అన్నాడొకసారి మా వంటింటి గడప దగ్గర నిలబడి. "నోటికొచ్చింది అనేసిన. దేవుని ముంగట అన్న మాట గేట్ పాస్ లెక్క గాదు గద, మల్ల మార్పిచ్చుకొనీకి. మాట తప్పుడు మా ఇంట్ల లేదు. తప్పితే నాకేం గాదు, ఆ పిల్లకే తగుల్తది."

మా ఆవిడ ఆయనకు మజ్జిగ ఇచ్చి, "అమ్మవారు అంత పట్టుపట్టేది కాదులే అన్నయ్యా," అంది.

"మీ గోదారి అమ్మవారు గాదేమో వదినా. మా పోచమ్మ పట్టు పడ్తది."

తండ్రి దిగులు కూతురికి తెలుసు. ఒక శుక్రవారం మా ఇంటి నుంచే వీడియో కాల్ చేసినప్పుడు ఆమె మాట మీద మాటగా చెప్పింది. "బాపూ, ఈడ గూడ చౌరస్తల ఒక పిల్ల ఉంటది. పెద్దబాతుల పిల్ల. డాక్టరైనోళ్లు అందరు అదే రోజు పోయి, పూలు పెట్టి, పైకెక్కి..." ఒక్క క్షణం ఆగింది. "...మొక్కుతరు."

ఆ ఆగడం నాకు వినబడింది. తండ్రికి వినబడలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అదే రోజా? పొద్దు గూకకముందే?"

"పాసైనంక సీదా ఆడికే తీస్కపోతరు బాపూ. బండిల కూసోబెట్టి."

"ఫలహారం బండి!" అన్నాడాయన, బోనాల్లో అలంకరించి లాగే బండిని తలుచుకుని.

తర్వాతి వారం రోజులు క్యాంప్‌లో ఆ కంచు పిల్లకు గుడి కట్టినంత పని జరిగింది. పేరు 'బాతులమ్మ' అని పెట్టారు. అదే గదిలో ఉండే బీహారీ వెల్డరు ఇంకో అడుగు ముందుకు వేశాడు. పెద్దబాతు అంటే హంస, హంస ఉన్న తల్లి సరస్వతి, యూనివర్సిటీ ఊళ్లో చౌరస్తాలో నిలబడాల్సింది ఆమె కాక ఇంకెవరని అతని వాదన. గదిలో ఒక్కరూ కాదనలేదు. ఈ తీర్మానం పట్టుకుని ఫిట్టరు నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు పేపరోనివి గద అన్నా. ఆ తల్లి కథేందో పూర తీయి. ఎన్నేండ్ల గుడి, ఏమేం మహిమలు, అన్ని."

నేను తీశాను. తీసింది తీసినట్టు చెప్పడం పాత అలవాటు. ఆమె దేవత కాదని మొదటే చెప్పేశాను. పెద్దబాతులు కాసుకునే పల్లెటూరి పిల్ల. పాత టౌన్ హాలు ముందు, సంత జరిగే చౌరస్తాలో నీళ్ల తొట్టి కట్టి దాని మధ్య ఆమెను నిలబెట్టారు. వయసు నూరేళ్లు దాటింది. బుట్టలో ఒక బాతు, చేతిలో ఒకటి. మొదట్లో కొత్తగా చేరిన విద్యార్థులు ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లు. రానురాను అది డాక్టరేట్ వచ్చినవాళ్ల ఆచారమైంది. వాళ్లతో పనిచేసినవాళ్లే వాళ్లకు టోపీ తయారుచేస్తారు. చదువుకు, జీవితానికి సంబంధించిన చిన్న చిన్న వస్తువులన్నీ దాని మీద అతికించి, చేతిబండిలో కూర్చోబెట్టి వీధుల్లో లాక్కుంటూ తీసుకొస్తారు.

"దేవత గాదా?" అన్నాడు.

"కాదు. బాతులు కాసే పిల్ల."

"మా పోచమ్మ గూడ ఎవలో ఒకామె బిడ్డనే అయ్యుంటది గదన్నా ముందుగాల. బాతులు గాసినా గొర్లు గాసినా, ఊరంతా మొక్కితే తల్లే."

ఇంకొక సంగతి కూడా చెప్పాను. ఇప్పుడు చౌరస్తాలో ఉన్నది నకలు, అసలు బొమ్మను మ్యూజియంలో భద్రం చేశారు. ఇది వింటే నీరుగారిపోతాడనుకున్నాను. ఆయన తొడ మీద చరుచుకున్నాడు.

"అంటే మూలవిరాట్టు లోపల, ఉత్సవ విగ్రహం బయట! ఇంకేం గావాలె నీకు? జర్మనోళ్లకు గూడ పద్ధతి తెలుసు."

ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. అక్కడ మొక్కరు, ముద్దు పెడతారు. ఒకప్పుడు ఆ ముద్దును ఊరి అధికారులు నిషేధించారు కూడా. ఒక విద్యార్థి కోర్టుకెక్కి ఓడిపోయాడు. ముద్దులు ఆగలేదు, పోలీసులే చూసీచూడనట్టు ఊరుకున్నారు. ఇదంతా చదివి నేను ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"పెద్దబాపూ, ముద్దు అని బాపుతోని ఎట్ల చెప్తనే?" అంది. మా ఇద్దరి వరసలో నేను ఆమెకు పెద్దబాపును. "నోరు రాలే. మొక్కుడు అనేసిన."

"మరి చెప్పాలి కదమ్మా."

"నేనే చెప్త. నువ్వు చెప్పకు, దండం పెడ్త."

ఆ వార్త ఆమెది. ఎప్పుడు విడుదల చేయాలో ఆమె ఇష్టం. నేను ఊరుకున్నాను. పక్కన కూర్చుని అంతా విన్న డ్రైవరు మాత్రం నన్ను వదల్లేదు. "పెద్దబాపు, పెద్దబాతు కత సగమే రాసిండు," అని ఆ తర్వాత ప్రతి శుక్రవారం దెప్పాడు.

ఆ శుక్రవారాలు మాకు అలవాటైపోయాయి. ఆమె ఫోన్ చేత్తో పట్టుకుని ఆ చౌరస్తా అంతా తిప్పి చూపించేది. మేం ముగ్గురం, మా ఆవిడ, టీవీకి ఫోన్ కలిపి పెట్టుకుని కరక్ చాయ్ తాగుతూ చూసేవాళ్లం. ఒక మూల ఇంటి పైన గంటలు ఉంటాయి, అవి పాట వాయిస్తాయి. ఇంకో మూల నేలలో ఒక ఫలకం ఉంది. దాని మీద నిలబడి చుట్టూ తిరిగితే నాలుగు దిక్కుల్లో నాలుగు పాత చర్చిలు కనబడతాయి. అక్కడ నిలబడి ఆమె గుండ్రంగా తిరిగినప్పుడు మాకు కళ్లు తిరిగాయి.

"గిది మా చార్మినార్ గద," అన్నాడు డ్రైవరు. "నడుమ నిలవడు, చారోఁ తరఫ్ నాలుగు కమాన్లు."

"చార్మినార్ నీదెన్నడైంది మియా? నీది నిజామాబాదు."

"నిజామాబాదుల నిజాం లేడా మామా?"

అన్నిటికంటే నాకు నచ్చినవి ఆ ఊరి గోడలు. ఎప్పుడో ఏ ఇంట్లో ఏ పండితుడు అద్దెకున్నాడో, ఏ సంవత్సరాల్లో ఉన్నాడో చెక్కిన పలకలు ఇంటింటికీ కనబడతాయి. అద్దెకున్నవాణ్ని గుర్తుపెట్టుకునే ఊరు నేను ఇంకెక్కడా చూడలేదు. క్యాంప్ గదికి కూడా అలాంటి పలక ఒకటి వేయించాలని ఫిట్టరు అన్నాడు. "ఏమని రాయిపిస్తవ్?" అన్నాడు డ్రైవరు. "'ఈ రూంల ఒక పెద్దమనిషి గురక వెట్టి పదిమందిని నిద్రపోనియ్యలే' అనా?"

"'ఈ రూంల డాక్టరమ్మ నాయిన ఉన్నడు' అని," అన్నాడు ఫిట్టరు. ఆ మాట మీద డ్రైవరు కూడా జోకు వేయలేదు.

తండ్రి ఆమెకు ఒక్కటే పని చెప్పాడు. బాతులమ్మకు బొట్టు పెట్టమన్నాడు. కంచు మీద పసుపు కుంకుమ పూస్తే మున్సిపాలిటీవాళ్లు ఊరుకోరని ఆమె బతిమాలింది. చివరికి బంతిపూల దగ్గర ఒప్పందం కుదిరింది. గులాబీలు వాళ్ల పద్ధతి, బంతిదండ మన పద్ధతి. కుండీల్లో అమ్మే బంతి మొక్కలు కొని, పూలు తెంపి, పరీక్ష ముందురోజు సాయంత్రం ఆమె తనే గుచ్చుకుంది.

రాస్ లఫాన్‌లో అది షట్‌డౌన్ కాలం. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజులు. ఎవరికీ సెలవుల్లేవు, జర్మనీ మాట అడగడానికే లేదు. ఒక్క శుక్రవారం డ్యూటీ మార్చుకోవడానికి ఆయన ఫోర్‌మన్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల పక్కకు దువ్వుకుని, పెళ్లివారింటికి వచ్చినట్టు మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ పులిహోర, పాయసం చేసింది. ఆయన ముట్టలేదు. మొక్కు తీరాకే తింటానన్నాడు.

పరీక్ష అనుకున్నదానికంటే సాగింది. మా కిటికీ అవతల పొద్దు గూకింది. డ్రైవరు మా పడకగదిలో మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చేసరికి బయట దీపాలు వెలిగాయి. ఫిట్టరు లేచి కిటికీ దగ్గరికి పోయి చీకటి చూసి, వచ్చి కూర్చుని, మళ్లీ లేచాడు.

"పొద్దు వాయె అన్నా."

"ఇక్కడ. అక్కడ పొద్దు గూకడానికి ఇంకా చాలా టైముంది."

"ఆమె ఉన్న కాడి పొద్దే లెక్క గద?"

"అంతే కదా మరి," అన్నాను. ఆయన నా మాటను నమ్మాడో, నమ్మాలనుకున్నాడో తెలియదు.

అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద ఎండ. జర్మనీ జూన్ ఎండ, ఆ వేళకి కూడా మధ్యాహ్నంలా ఉంది. పాసైంది. చేతిబండిలో కూర్చుని వస్తోంది, లాగేవాళ్లు పాడుతున్నారు. ఆమె తల మీద టోపీ చూసి ఫిట్టరు ముందుకు వంగాడు.

"అది మన హెల్మెట్ గద!"

అవును. ఆమె తోటివాళ్లు అందరిలా అట్టతో నల్ల టోపీ చేయలేదు. పసుపు రంగు సేఫ్టీ హెల్మెట్ తెచ్చి, దాని మీద గుడ్డ మక్కకంకి, దూది బూజు, అట్టతో చేసిన వంపు పైపు, చిన్న బొమ్మ బస్సు అతికించారు. "బస్సు నాది!" అని డ్రైవరు గంతేశాడు. తండ్రి కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఆ తర్వాతే ఆమె ఫౌంటెన్ గట్టు ఎక్కడం, మూడు పట్ల కేక, బంతిదండ, ఆ ముద్దు.

డ్రైవరు 'గిది ముద్దు గద' అన్నాక హాల్లో మొదట మాట్లాడింది తండ్రే.

"గడ్డం పట్టీ పెట్టుకోలే," అన్నాడు. "ఎత్తుమీదికి పోయేటప్పుడు హెల్మెట్‌కు గడ్డం పట్టీ లేకుంటే ఎట్ల?"

డ్రైవరు ఇక ఆగలేదు. "మామా, దర్గాకు వోతె మేం గడపకు ముద్దు వెట్టమా? సమాధి మీది చాదర్‌కు వెట్టమా? మీరు పీర్లకు దట్టీ గుడ్డలు గట్టి కండ్లకు అద్దుకోరా? ముద్దైతే ఏంది, మొక్కైతే ఏంది?"

"చంటిపిల్లలకు పెట్టమా ముద్దు? బాలకృష్ణుడికి పెట్టమా?" అంది మా ఆవిడ.

అంతలో తెర మీద కూతురు ఫోన్ చేతిలోకి తీసుకుంది. చెమట, నవ్వు, జారిపోయిన హెల్మెట్.

"బాపూ! చూసినవా?"

"చూసిన. మొక్కుతరు అంటివి."

ఆమె హెల్మెట్ సర్దుకుంది. "ముద్దు అని నీతోని ఎట్ల అనాలె బాపూ? సిగ్గాయె."

"సరే, ముద్దు వెట్టినవ్. మంచిగనే వెట్టినవ్. దాని ఎన్క రెండు చేతులు జోడిస్తె ఏం పోతుండె?"

"ఎట్ల జోడిస్తనే? రెండు చేతులు జోడిస్తె నీళ్లల్ల పడ్త. మూడు పట్లు, మూడు పట్లు అని ఫోన్ చేసినప్పుడల్ల చెవుల రొద వెట్టింది నువ్వే గద!"

ఆయన నవ్వు ఎంత గట్టిగా వచ్చిందంటే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు తట్టారు. నవ్వుతూనే మావైపు తిరిగాడు. "చూసినవా అన్నా? పని నేర్పితే గట్ల నేర్పాలె. డాక్టరైనా మరువలే." పోస్టరు మీద ఆ మాట రాసినవాణ్ని నేనే కాబట్టి, ఆ పొగడ్తలో కొంత నా వాటా కింద చెప్పకుండానే తీసుకున్నాను. నా భాష ఒక పైపు ఫిట్టరు నోట్లోంచి, ఆయన కూతురి చేతుల్లోంచి జర్మనీ కంచు దాకా పోయింది. అచ్చయిన ఏ వార్తకూ నాకు అంత గర్వం కలగలేదు.

ఆయన పాయసం తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మొక్కు తీరిందన్నాడు. అంతలో ఊరి నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. కూతురు పంపిన వీడియో అప్పటికే చూసిందట. స్పీకర్ పెట్టాడు.

"ఏందయ్యా, దుబాయ్‌ల గూసోని నవ్వుతున్నవా?" అంది. ఆమెకు ఖతార్ ఎప్పుడూ దుబాయే. "పిల్ల డాక్టరైంది, నా కడుపు నిండింది. వాడకట్టంత శక్కర పంచిన. గని మొక్కు ఏడ తీరింది?"

"తీరింది. అదే రోజు, పొద్దు గూకకముందే. ఆడ ఇంక ఎండ గొడ్తున్నది, నువ్వే చూస్తివి గద."

"ఈడ పొద్దు గూకి బువ్వ తిన్నం. పోచమ్మ ఉన్నది ఈడ. ఆమెకు ఏ పొద్దు లెక్క?"

డ్రైవరు నా చెవిలో, "అత్త వకీలు సాబ్," అన్నాడు.

"పొద్దు ఇడువు," అన్నాడు ఫిట్టరు. "నేనేమన్న ఆనాడు? నా బిడ్డ 'తల్లికి' మొక్కుతది అన్న. ఏ తల్లి అని అన్లే. ఆమె తల్లే, ఈమె తల్లే."

"'తల్లికి' అన్లే నువ్వు. 'నీకు' అన్నవ్. 'తల్లీ, నా బిడ్డ నీకు మొక్కుతది' అన్నవ్. నేను పక్కనే ఉన్న."

"నేనన్న మాట నాకెర్క లేదా?"

"ఏడ్సుకుంట అన్నవ్. నీకేం ఎర్క ఉంటది?"

ఇద్దరూ కలిసి కూతురిని లైన్లోకి పిలిచారు. తనకేం తెలుసు, ఆ రోజు తను మంచుగడ్డలాంటి గదిలో చచ్చిన మొక్కల ముందు కూర్చుని ఉన్నానంది. వచ్చినప్పుడు ఎవరికి మొక్కమంటే వాళ్లకు మొక్కుతానంది. కానీ 'అదే రోజు' మళ్లీ రాదు కదా అని తల్లి అంది. అప్పుడు నన్ను అడిగారు. నేను పేపరువాణ్ని, మాటల మనిషిని, తీర్పు చెప్పమన్నారు. చూసినవాళ్లు ఇద్దరే ఉండి, ఇద్దరూ చెరో మాట చెబితే డెస్కులో ఏం చేసేవాళ్లమో అదే చెప్పాను. రెండూ రాస్తాం, ఏదీ ఖాయం చేయం.

మర్నాడు షిఫ్టు బస్సులో ఎక్కినవాళ్లందరికీ డ్రైవరు ఖర్జూరాలు పంచాడట. సైటులో ఫోర్‌మన్ కూడా వీడియో చూసి ఫిట్టరుతో చేయి కలిపాడట. బీహారీ వెల్డరు మాత్రం సరస్వతి మాతకు ముద్దు పెట్టడం గురించి ఇంకా తేల్చుకోలేకపోతున్నాడట. కూతురికి అక్కడే ఉద్యోగం వచ్చింది, ఊరికి ఎప్పుడు వస్తుందో చెప్పలేదు.

ఆనాడు పోచమ్మ ముందు నిలబడ్డది ఆ మొగుడూ పెళ్లామే. ఆయన ఇప్పటికీ 'తల్లికి' అన్నాననే అంటాడు. ఆమె ఇప్పటికీ 'నీకు' అన్నావనే అంటుంది.